ఏ ఘన్‌పూర్ అని అడగలేదు

ఈ ప్రయాణం చేసి ఏడాది దాటింది. ఇంతకాలం రాయకపోవడానికి రెండు కారణాలు. ఒకటి మా వాడకట్టు మొత్తానికి తెలుసు. నాకు అక్షరాలు వచ్చింది యాభై రెండో ఏట. పేరు రాయడానికి ఒక చలికాలం పట్టింది, నాలుగు వరుసలు తప్పు లేకుండా రాయడానికి ఇంకో రెండేళ్ళు. రెండో కారణం ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు మమ్మల్ని తప్పుదారిన తీసుకుపోయింది ఆ అక్షరాలే. మళ్ళీ వాటితోనే ఆ సంగతి రాయాలంటే చేయి కదలలేదు.

ఇప్పుడు రాస్తున్నది ఎందుకంటే, వరంగల్ స్టేషన్‌లో కొత్త మొహాలు రోజూ దిగుతూనే ఉన్నాయి. ఏ దేశం నుంచో, ఏ రాష్ట్రం నుంచో, ఒక సంచి పట్టుకొని, ఒక ఊరి పేరు నోట పెట్టుకొని దిగుతారు. వాళ్ళ పక్కన నాలాంటిది ఒకతె నిలబడి, నాకు దారి తెలుసు అంటుంది. ఇది ఆమె కోసం రాస్తున్నాను.

మాది కొత్తవాడ, జంపఖానాలు నేసే ఇల్లు. ఆ శుక్రవారం పొద్దున మా చెల్లెల్ని డోర్నకల్ బండి ఎక్కించి ఏడూ పదికి స్టేషన్ బయటికి వచ్చాను. మెట్ల మీద ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. ఎండాకాలం మొదలైంది, ఆమె మాత్రం మెడకు ఊలు గుడ్డ చుట్టుకొని ఉంది. పోయే వచ్చే వాళ్ళను ఆపి ఒకటే మాట అడుగుతోంది. "ఘన్‌పూర్? ఘన్‌పూర్?" ఒకాయన ప్లాట్‌ఫారం వైపు చేయి చూపించాడు. ఒకాయన రోడ్డు వైపు చూపించాడు. ఒకాయన తల అడ్డంగా ఊపి పోయాడు.

నాకు నేత అమ్మే బజారులో నేర్చిన ఉర్దూ వచ్చు, ఆమెకు విరిగిన హిందీ వచ్చు. అంతే చాలింది. పేరు మన్మాయ. నేపాల్ నుంచి వచ్చింది. వాళ్ళ ఊరి నుంచి నడిచి, బస్సెక్కి, సరిహద్దు దాటి, గోరఖ్‌పూర్‌లో రైలెక్కి, నాలుగో రోజు వరంగల్‌లో దిగింది. భర్త పేరు తేజ్. నేల కింద కేబుల్ వేయడానికి గోతులు తవ్వే ముఠాలో పని. పది రోజుల కిందట ఇంకొకరి ఫోన్ నుంచి మాట్లాడుతూ, "వరంగల్ దగ్గర ఘన్‌పూర్‌లో ఉన్నాం, రైస్ మిల్లు పక్కన. శుక్రవారం దాకా ఇక్కడే. తర్వాత ఎక్కడికి తోలుకపోతారో తెలియదు" అన్నాడట. ఆ నంబరు ఆమె ఫోన్ డబ్బా వెనక రాసి ఉంది. కానీ వాళ్ళ దేశపు సిమ్ ఇక్కడ పలకదు, కొత్త సిమ్ కావాలంటే ఇక్కడి కార్డు కావాలి. నా ఫోన్ నుంచి చేశాను. స్విచ్ ఆఫ్ అని వచ్చింది.

"ఈ రోజు శుక్రవారమే కదా దీదీ?" అని అడిగింది.

"శుక్రవారమే. ఫికర్ చెయ్యకు. ఘన్‌పూర్ నాకు తెలుసు" అన్నాను.

తెలుసు అన్నది అబద్ధం కాదు. మా మహిళా సంఘం వాళ్ళమంతా వ్యాను కట్టుకొని పాత గుళ్ళు చూడబోయిన ఊరు ఘన్‌పూర్. హైదరాబాద్ లైను మీద ఇంకొకటి ఉంది గానీ దాన్ని మేమెవరం ఉత్త ఘన్‌పూర్ అనం. స్టేషన్ ఘన్‌పూర్ అంటాం, రెండూ కలిపి ఒకే పేరులాగా. మన్మాయ ఘన్‌పూర్ అనగానే నా కళ్ళకు ఆ గుళ్ళు కనిపించాయి. రైల్వే వాళ్ళ పుస్తకంలో ఆ రెండోదాని పేరు ఉత్త ఘన్‌పూరే అని, దాని మీదుగా పోయే ప్యాసింజర్ బండి ఆ సమయానికి మూడో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉందని సాయంత్రం తెలిసింది. ఆ బండికి వీపు పెట్టి మేము మెట్లు దిగాం.

కొత్తగా వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడూ ఒకే ఊరని చెప్తారు గానీ బండ్లు మూడు చోట్ల నుంచి పోతాయి. స్టేషన్ ఎదురుగా బస్టాండు కనిపించింది కదా అని అక్కడే కూర్చుంటే సగం ఊళ్ళకు బస్సు దొరకదు. హన్మకొండ బస్టాండుకు పోవాలి. షేర్ ఆటోలో ఏడుగురం కూర్చున్నాం. మన్మాయ సంచి ఒడిలో పెట్టుకుంది.

ఎనిమిదింబావుకు హన్మకొండ బస్టాండు. అక్కడ విచారణ కిటికీ ఉంది. దాని ముందు పది మంది నిలబడి ఉన్నారు. మూడేళ్ళ కిందటైతే నేనూ పోయి వాళ్ళ వెనక నిలబడేదాన్ని. చదువు రానప్పుడు నేను ఏ బస్సైనా నలుగురిని అడిగి ఎక్కేదాన్ని. డ్రైవర్‌ను అడిగేదాన్ని, కండక్టర్‌ను అడిగేదాన్ని, కూర్చున్నాక పక్కనామెను కూడా అడిగేదాన్ని. "ఎన్నిసార్లడుగుతవ్ పెద్దమ్మా, చెవులు లేవా?" అని తిట్టించుకున్న రోజులున్నాయి. చదువు నేర్చుకున్నదే ఆ తిట్లు పడలేక. బోర్డు చదివి, ఎవరితో మాట్లాడకుండా, నా అంతట నేను బస్సెక్కడం ఎట్లా ఉంటుందో చదువుకున్న వాళ్ళకు తెలియదు.

వరుసగా బోర్డులు చదువుకుంటూ పోయాను. పరకాల. నర్సంపేట. హుజూరాబాద్. ఆరో బస్సు మీద ఘన్‌పూర్. పెద్ద అక్షరాల పక్కన బ్రాకెట్‌లో చిన్నగా "ము" అని ఉంది. అది నేను చూడలేదని అబద్ధం చెప్పను. చూశాను, చదివాను. బస్సుల మీద ఏవేవో గుర్తులుంటాయి, డిపో వాళ్ళవి, అట్లాంటిదే అనుకున్నాను. మా టీచరమ్మ గుణింతాలు చెప్పింది, ఒత్తులు చెప్పింది, బ్రాకెట్ సంగతి చెప్పలేదు.

"ఇదే బస్సు. రాసి ఉంది" అని మన్మాయకు చూపించాను. ఆమె ఆ అక్షరాల వైపు చూసి, నా వైపు చూసి, రెండు చేతులూ జోడించింది.

తొమ్మిదికి బయలుదేరాం. కండక్టరు ఆడపిల్ల. "ఆధార్ చూపెట్టుండ్రి, జీరో టికెట్" అంటూ వచ్చింది. నాది చూపించాను. మన్మాయ తన దేశపు కాగితం తీసి చూపించింది. కండక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఇదేం కార్డు పెద్దమ్మా?"

"నేపాల్‌ది బిడ్డా."

"నేపాల్‌కు ఫ్రీ లేదు. మన తెలంగాణ ఆడోళ్ళకే. టికెట్ తీసుకోవాలె."

వెనక సీటులో ఒకామె కల్పించుకుంది. "గూర్ఖాయన పెండ్లామా? మా గల్లీల గూర్ఖా రాత్రంత ఈల ఊది మమ్ముల లేపుతడు. దొంగలు మాత్రం మంచిగ పండుకుంటరు."

నవ్వులు లేచాయి. మన్మాయ మాట అర్థం కాకపోయినా తనూ నవ్వింది. అప్పుడే ఆమె సంచి నుంచి వాసన కొట్టింది. కొత్త వాసన, పుల్లగా, ముక్కులో దూరేది.

"ఎండుచేపలా అక్కా?" వెనకామె అడిగింది.

"ఆకుకూరనట. ఎండబెట్టి పులియబెడతరట. ఆయనకు ఇష్టమని తెచ్చింది."

"ఆకుకూరకు గింత కంపా? పాపం, మొగడు దగ్గరికి రానిస్తడా?" అంది. కానీ తనే లేచి కిటికీ అద్దం పూర్తిగా తీసి, మన్మాయకు గాలి తగిలేటట్టు కూర్చోబెట్టింది. మా బస్సుల్లో మనుషులు ఇట్లాగే ఉంటారు. మాటలు పట్టించుకోవద్దు.

ములుగు రోడ్డు మంచిది. మన్మాయ కిటికీలోంచి చూస్తూ, "మీ దగ్గర బస్సు పొలం పక్కకే వస్తుంది" అంది. కాసేపటికి మళ్ళీ, "ఇంటి ముందుకే వస్తుంది" అంది. మూడోసారి అన్నప్పుడు నేను అడిగాను, మీ దగ్గర రాదా అని. వాళ్ళ ఊరి నుంచి రోడ్డుకు నాలుగు గంటల నడకట. అప్పుడు చెప్పింది ఎందుకు వచ్చిందో.

వాళ్ళకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఆరేళ్ళది. చలికాలంలో జ్వరం వచ్చింది. మూడో రోజు వెన్ను మీద బుట్టలో కూర్చోబెట్టుకొని దవాఖానకు బయలుదేరింది. రెండు గంటలు నడిచాక బుట్ట బరువు మారింది అంది. బరువు మారింది, అందుకే ఆగాను అంది.

తేజ్‌కు తెలియదు. అతని ఫోన్ పాడై చాలా రోజులైంది, ఎవరి ఫోన్ దొరికితే దాని నుంచి చేస్తాడు. ఆ తర్వాత చేసింది ఒకేసారి, పది రోజుల కిందట. చుట్టూ నలుగురి మాటలు వినబడుతున్నాయట. "చిన్నదానికి ఇయ్యి" అన్నాడట, పెద్దదాన్నే అట్లా పిలుస్తాడు. "నిద్రపోయింది" అని చెప్పిందట.

"ఆ మాట పరాయివాళ్ళ ఫోన్‌లో ఎట్లా చెప్పాలి దీదీ? పక్కన ఎవరూ లేకుండా గోతిలో నిలబడి వింటాడు. ఎదురుగా చెప్పాలి. పట్టుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి" అంది.

రెండో బిడ్డను, పాలు మరిచిన పసిదాన్ని, అక్క దగ్గర వదిలి వచ్చింది. ఎనిమిది రోజుల్లో తిరిగి వస్తానని మాటిచ్చింది. ముఠా ఈ రోజు కదిలిపోతే మళ్ళీ ఎప్పుడు ఫోన్ చేస్తాడో, ఎక్కడి నుంచి చేస్తాడో తెలియదు.

పదీ ఇరవైకి ములుగు. బస్సు పావుగంట ఆగింది. నేను ఇడ్లీ కట్టించుకొచ్చాను. ఆమె ఒకటి తిని, మిగతావి తేజ్‌కు పనికొస్తాయని దాచింది. బస్సు మళ్ళీ కదిలాక ఒక మాట అంది.

"ఫోన్‌లో రైలు కూత వినిపించింది దీదీ. రెండుసార్లు. అందుకే ఊరు స్టేషన్ పక్కనే ఉంటుందనుకున్నా. ఇంత దూరమా?"

ములుగు దాటాక రైలు పట్టాలు లేవు. అది నాకు తెలుసు. తెలిసి కూడా, "మా జిల్లాల రైలు కూత ఏడ నిలబడ్డా వినపడుతది" అన్నాను. బోర్డు చదివి ఎక్కిన బస్సు తప్పెట్లా అవుతుంది? అంతకంటే ఇంకేమీ అనుకోలేదు. జంపఖానాలో వరుస తప్పితే పోగులు విప్పుకుంటూ వెనక్కి పోవచ్చు. ములుగులో దిగి ఉంటే దీన్నీ కొంత విప్పుకునేదాన్నే.

పదకొండూ ముప్పై అయిదుకు ఘన్‌పూర్‌లో దిగాం. సెంటర్‌లో ఒక హోటలు. ఒకాయన మిర్చిలు వేస్తున్నాడు.

"అన్నా, కేబుల్ గోతులు తవ్వే నేపాలోళ్ళు ఏడుంటరు? రైలు లైను దగ్గరి రైస్ మిల్లు పక్కనట."

ఆయన జల్లిగరిటె ఆపాడు. "రైలా? అక్కా, ఈడ రైలు చూడాలంటే టీవీల చూడాలె."

పక్క బెంచీ మీద వాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదని చూసి ఆయన గొంతు తగ్గించాడు. "నువ్వడిగేది స్టేషన్ ఘన్‌పూర్. జనగామ తొవ్వల ఉంటది. ఇది ములుగు ఘన్‌పూర్. బస్సు మీద ము అని రాస్తరు గద. సదువు రాదా?"

వచ్చని చెప్పాలో రాదని చెప్పాలో తెలియలేదు. బెంచీ మీద ఒక ముసలాయన, "ఎవలన్న ముందుగాల అడుగుతరు గద, ఏ ఘన్‌పూర్ అని. గా ఒక్క మాట అడుగకపోతివి" అన్నాడు. తిట్టలేదు, ఊరికే అన్నాడు.

నిజమే. మా జిల్లాలో ఎవరినడిగినా ముందు ఎదురు అడిగేది ఆ మాటే. కండక్టరు అడగలేదు, ఎందుకంటే ఆమె బస్సు పోయేది ఒకే ఘన్‌పూర్‌కు. విచారణ కిటికీలో అడిగి ఉంటే, ఆటోలో ఏడుగురిలో ఒకరిని అడిగి ఉంటే, వెనక సీటామెకు ఒక మాట చెప్పి ఉంటే, వాళ్ళ నోటి నుంచి అదే వచ్చేది. ఏ ఘన్‌పూర్ అక్కా, స్టేషనా, ములుగా?

మన్మాయకు చెప్పాను. ఇది ఆ ఊరు కాదు, తప్పు నాది అన్నాను. ఆమె మొహంలో కోపం కోసం చూశాను. ఉంటే బాగుండేది.

"అది ఎంత దూరం?" అంది, అంతే.

వచ్చినంత వెనక్కి పోవాలి, అది దాటి ఇంకో గంట.

హన్మకొండ బస్సు పన్నెండూ నలభైకి వచ్చింది. ఆ ప్రయాణం గురించి చెప్పడానికి ఏమీ లేదు, గడియారం తప్ప. ప్రతి ఊర్లో ఆగింది. ఒకచోట మేకలు రోడ్డు దాటే దాకా ఆగింది. ఒకచోట డ్రైవరు దిగి ఎవరికో మందుల సంచి ఇచ్చి, ఆమెతో మంచిచెడ్డ మాట్లాడి వచ్చాడు. నేను లేచి, "బిడ్డా, జర తొందరగ పోనియ్యి, అవసరమున్నది" అన్నాను.

"అందరికీ అవసరమే పెద్దమ్మా. ఉత్తగ ఎవలెక్కిండ్రు?" అన్నాడు. పోయి కూర్చున్నాను.

ఆ నంబరుకు ఏడుసార్లు చేశాను. మన్మాయ ప్రతిసారీ నా మొహం చూసి, తర్వాత కిటికీ వైపు తిరిగింది.

మూడుంబావుకు హన్మకొండ. ఈసారి ఒక్క బోర్డూ చదవలేదు. కనిపించిన వాళ్ళందరినీ అడిగాను. మూడూ నలభైకి బస్సు దొరికింది. నాలుగూ యాభైకి స్టేషన్ ఘన్‌పూర్. దిగగానే గూడ్సు బండి ఒకటి కూత పెట్టుకుంటూ పోయింది. మన్మాయ నిలబడిపోయింది. "ఇదే" అంది. "ఈ చప్పుడే."

రైస్ మిల్లు వెతకనక్కర్లేదు, పట్టాలకు అవతల కనిపిస్తూనే ఉంది. దాని గోడ పక్కన రేకుల షెడ్డు. ఎదురుగా ఒక చాయ్ కొట్టు. కొట్టు నడిపేది నా వయసు మనిషి. నేను అడిగేలోపే మన్మాయ మొహం చూసి ఆమెకు అర్థమైంది.

"నేపాలోళ్ళ కోసమా? పోయిండ్రు గద అక్కా. మూడింటికి డీసీఎం లారీ వచ్చింది, సామానుతోని అందరిని ఎక్కిచ్చుకొని పోయిండ్రు."

"ఎటు పోయిండ్రు?"

"మేస్త్రి ఒకపారి బల్లార్షా అన్నడు, ఒకపారి రాయచూరు అన్నడు. వాళ్ళకే తెల్వదు. ఎక్కుమంటే ఎక్కుతరు."

"తేజ్ అని ఉన్నడా?"

"తేజు లేకపోవుడేంది? పొద్దున్నుంచి ఈ బెంచీ మీదనే కూసున్నడు, పని లేదు గద ఇయ్యాల. బిడ్డకు గాజులు కొన్నడు. నా మనుమరాలి చెయ్యి చూసి సైజు అడిగిండు. ఆరేండ్ల పిల్లకు గివి సరిపోతయా అని."

మన్మాయ నా చేయి పట్టుకుంది. "ఏమంటోంది దీదీ? పేరు చెప్పింది కదా, ఏమంది?"

నాకు ఉర్దూ మాటలు అన్నీ గుర్తున్నాయి. గాజులంటే ఏమనాలో తెలుసు. "బాగున్నాడట. పొద్దున ఇక్కడే కూర్చొని చాయ్ తాగాడట" అని చెప్పాను.

మేస్త్రి నంబరు చాయ్ కొట్టామె దగ్గర ఉంది. చేస్తే కవరేజీలో లేదని వచ్చింది. నా నంబరు ఆమెకు ఇచ్చాను. వాళ్ళెవరైనా మళ్ళీ ఈ తొవ్వన వస్తే ఫోన్ చేయమన్నాను. మన్మాయ ఎందుకు వచ్చిందో కూడా ఆమెకు చెవిలో చెప్పాను. ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి, మా ఇద్దరినీ కాదు, ఆ ఖాళీ బెంచీని చూసింది.

పట్టాల పొడుగునా వాళ్ళు తవ్వి పూడ్చిన గోతి ఉంది. ఎర్రమట్టి గుట్టగా, నూలు పట్టినట్టు తిన్నగా. మన్మాయ దాని పక్కనే నడిచింది. ఆగమని నేను అనలేదు. మట్టి పాతబడి గడ్డి మొలిచిన చోటికి పోయి తిరిగి వచ్చింది. తేజ్ వాళ్ళు ఇన్ని రోజులూ తవ్వినదంతా ఆమె నడిచింది. ఇడ్లీ పొట్లం షెడ్డు ముందు కుక్కకు వేసింది.

ఆరూ నలభై ప్యాసింజర్‌కు టికెట్లు తీసుకున్నాం. ప్లాట్‌ఫారం మీద పసుపు బోర్డు. ఉత్త ఘన్‌పూర్ అని ఉంది. ముందు స్టేషన్ లేదు, వెనక బ్రాకెట్ లేదు. రైలులో ఎదురు సీటు అమ్మాయి మా కథ విని, చదువుకున్న పిల్ల, మంచి మనసుతోనే లెక్క చెప్పింది. "పొద్దున వరంగల్‌ల ప్యాసింజర్ ఎక్కితే ఒక్క గంటల దిగేటోళ్ళు ఆంటీ. ఆరేడు గంటలు ఆయనతోని ఉండేటోళ్ళు." ఆ లెక్క నేను అప్పటికే వేసుకొని ఉన్నాను.

ఈ ప్రయాణం గురించి నాకు మిగిలింది ఇదే. మా దగ్గర రోడ్లున్నాయి, ఇంటి ముందుకు బస్సు వస్తుంది, రైలు వస్తుంది, ఆడవాళ్ళకు టికెట్ కూడా లేదు. పొద్దున్నుంచి ఒక్క బండీ చెడిపోలేదు. ఒక్కరు కూడా మమ్మల్ని మోసం చేయలేదు. అన్నీ సరిగ్గా నడిచాయి, మేము ఎక్కినవన్నీ బోర్డు మీద రాసిన చోటికే తీసుకుపోయాయి. అక్కడ నాలుగు గంటల నడక ఆమె బిడ్డను తీసుకుంది. ఇక్కడ ఇన్ని బండ్లుండి, దారి తెలుసన్న ఒక మనిషి ఆమె మొగణ్ణి దూరం చేసింది. కాజీపేట దాకా మన్మాయ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. అది క్షమించడమా, అలసటా అని ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ రాత్రి మా ఇంట్లో ఉంది. ఆగమన్నాను, ఫోన్ వస్తుందేమో అన్నాను. ఆగితే పసిదానికి ఇచ్చిన మాట తప్పుతుంది అంది. ఆకుకూర మూట మా మగ్గం పక్క మేకుకు తగిలించి, తేజ్ వస్తే ఇవ్వమంది. అది ఇంకా అక్కడే ఉంది. వాసన పోయింది.

మర్నాడు పొద్దున ఉత్తరానికి పోయే బండి కాజీపేటలో పట్టుకోవాలి. ఆ బండి బల్లార్షా మీదుగానే పోతుంది. అక్కడ దిగి ఒక పూట వెతుకుతానంది. అందుకని లేవగానే నోట్‌బుక్‌లో కాగితం చింపి, దాని మీద రాశాను. ఈమె పేరు మన్మాయ. ఈమె భర్త తేజ్, కేబుల్ గోతులు తవ్వే ముఠాలో ఉన్నాడు. ముఠా ఎక్కడ దిగిందో దయచేసి చూపించండి. కింద నా పేరు, కొత్తవాడ, వరంగల్, నా ఫోన్ నంబరు. తప్పు లేకుండా రాయడానికి మూడు కాగితాలు పట్టాయి. ఒత్తులన్నీ సరిచూసుకున్నాను. అంత మంచి అక్షరం నేను అంతకు ముందు రాయలేదు. మన్మాయ దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్‌లో దాచుకుంది.

బండి వచ్చింది. జనరల్ పెట్టెలో తలుపు దగ్గర చోటు దొరికింది. కదిలేటప్పుడు ఆ కాగితం తీసి నాకు చూపించి, ఉంది అన్నట్టు తల ఊపింది. చివరి పెట్టె పోయాక ప్లాట్‌ఫారం ఖాళీ అయింది, ఎదురుగా పసుపు బోర్డు కనిపించింది. కాజీపేట అని మూడు వరుసల్లో ఉంది. పై వరుస నేను చదివాను. రెండోది హిందీ, మూడోది ఇంగ్లీషు, అవి నాకు రావు. ఎన్నిసార్లు చూసిన బోర్డో. మూడు వరుసలు ఎందుకు రాస్తారో ఎప్పుడూ ఆలోచించలేదు. బల్లార్షా మన రాష్ట్రం కాదు. అక్కడ దిగి ఆమె చూపించే తెలుగు కాగితంలో అంకెలు తప్ప ఎవరికీ ఏదీ చదవరాదు.

బండి వెనక పరుగెత్తడానికి లేదు. బెంచీ మీద కూర్చొని నోట్‌బుక్ తీశాను. ఆ రెండో వరుసను, ఏ గీత ఏ అక్షరమో తెలియకుండా, ముగ్గు చూసి వేసుకున్నట్టు కాగితం మీదికి దించాను. పైన అడ్డగీత, కింద వేలాడే గీతలు. దించాక పక్కన కూర్చున్న ఒక పెద్దమనిషికి చూపించాను.

"అన్నా, ఇది కాజీపేటేనా?"

ఆయన బోర్డును చూశాడు, నన్ను చూశాడు. "బోర్డు కిందనే కూసోని అడుగుతానవ్ అక్కా" అన్నాడు.

"అవునే, అడుగుతున్న" అన్నాను. "జర సక్కగ చూసి చెప్పు."